ఇంటికో తుపాకి ఉంటే దేశం నిలుస్తుందా?

దండెత్తి వచ్చిన పరాయి సైన్యాన్ని మామూలు జనం ఆయుధాలు పట్టి ఓడించగలరా? 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడిన నాటి నుంచి ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు నేలమాళిగల్లో తలదాచుకుని, సరిహద్దు దాకా చలిలో నడిచి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగివచ్చారు. వాళ్లు వదిలి వచ్చిన నగరాల్లో గుమాస్తాలు, దుకాణదారులు, డ్రైవర్లు వరుసకట్టి తుపాకులు తీసుకోవడం, ఆడవాళ్లు సీసాల్లో పెట్రోలు నింపడం మనం టీవీల్లో చూశాం. చూసిన చాలామందికి, ముఖ్యంగా కుర్రవాళ్లకు, ఒక మాట బాగా నచ్చింది: ఇంటికో తుపాకి ఉంటే ఏ దేశాన్నీ ఎవరూ ఆక్రమించలేరు.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. తన వీధిని కాపాడుకోవడానికి నిలబడిన మనిషిని, వేల మైళ్ల దూరంలో క్షేమంగా కూర్చున్న మనం తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ఈ మాటను నమ్మి అడుగు వేస్తే పోయేవి ప్రాణాలు. అవి కూడా ఎక్కువగా తుపాకి పట్టనివాళ్లవి. అందుకే దీన్ని ఉద్రేకంతో కాక, జరిగిన సంగతులతో తూచి చూడాలి.

తూచి చూస్తే మాకు తేలింది ఇది. తుపాకి పట్టిన పౌరులు తమంతట తాముగా ఒక సైన్యాన్ని ఓడించలేరు. వెనక సొంత సైన్యం ఉంటే దానికి చేతులు, కళ్లు, చెవులు కాగలరు. సైన్యం వెనక్కి పోయిన చోట మాత్రం ఆక్రమణదారుడికి గెలుపు దక్కకుండా చేసేది, ఊరు అతనికి లొంగి పనిచేయకపోవడం. ఆ శక్తి ఎక్కువగా తుపాకి లేనివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

దక్షిణ ఉక్రెయిన్‌లోని రెండు ఊళ్లను చూద్దాం. వోజ్నెసెన్‌స్క్ సుమారు 35 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. ఖేర్సన్ దానికి ఎన్నో రెట్లు పెద్దదైన ఓడరేవు నగరం. రెండింటి మధ్య దూరం 150 కిలోమీటర్లకు మించదు. క్రిమియా నుంచి బయలుదేరిన రష్యా బలగాలు 2022 మార్చి మొదటి మూడు రోజుల్లో ఈ రెండు ఊళ్ల మీదికీ వచ్చాయి. రెండు చోట్లా పౌరులు ఎదురు నిలిచారు. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

వోజ్నెసెన్‌స్క్‌లో ఉక్రెయిన్ పారాట్రూపర్ల దళం ఉంది. దాని దగ్గర ఫిరంగులు, బ్రిటన్ పంపిన ట్యాంకు విధ్వంసక క్షిపణులు ఉన్నాయి. ఊరివాళ్లు ఆ దళానికి తోడయ్యారు. పొక్లెయిన్లు ఉన్నవాళ్లు వాటిని తెచ్చి, వాహనాలు దిగడానికి వీల్లేకుండా నది ఒడ్డును తవ్వేశారు. వీధులకు అడ్డంగా బస్తాలు, టైర్లు పేర్చారు. సైన్యం వంతెనను పేల్చేసింది. శత్రువు బండ్లు ఏ మలుపులో ఆగాయో, ఏ తోటలో దాగాయో జనం ఫోన్లలో చెబుతూ వచ్చారు. ఫిరంగులు ఆ చోట్లను కొట్టాయి. రెండు రోజుల్లో రష్యా దళం తన వాహనాలు చాలా వదిలేసి వెనక్కి పోయింది. ఆ దళం ఊరు దాటి ఉంటే దగ్గర్లోనే ఉన్న అణు విద్యుత్ కేంద్రానికి దారి తెరుచుకునేది.

ఖేర్సన్‌లో అలా జరగలేదు. సైన్యంలో ఎక్కువ భాగం అప్పటికే నగరం విడిచి వెళ్లింది. మార్చి 1న బుజ్‌కోవియ్ గాయ్ అనే పార్కులో ప్రాదేశిక రక్షణ దళంలో చేరిన స్థానికులు కొందరు రైఫిళ్లతో, పెట్రోలు సీసాలతో రష్యా సాయుధ శకటాలకు ఎదురు నిలిచారు. వారిలో నిన్నటి దాకా మామూలు ఉద్యోగాలు చేసుకున్నవాళ్లు ఉన్నారు. శకటాల మీది పెద్ద తుపాకుల ముందు ఆ రైఫిళ్లు ఎంతోసేపు నిలవలేదు. చాలామంది ఆ చెట్ల మధ్యే చనిపోయారు. మరునాటికి నగరం రష్యా చేతుల్లోకి పోయింది. వాళ్ల ధైర్యం వోజ్నెసెన్‌స్క్‌వాళ్ల ధైర్యం కన్నా వీసమెత్తు తక్కువ కాదు. తక్కువైంది వెనక ఉండాల్సిన సైన్యం, ఫిరంగి, ఆజ్ఞ ఇచ్చే వ్యవస్థ.

రాజధాని కీవ్ కథ కూడా దగ్గరగా చూస్తే ఇదే చెబుతుంది. ఆ నగరంలో వేలాది తుపాకులను పౌరులకు పంచిన మాట నిజం. దానివల్ల జనంలో గుండెనిబ్బరం పెరిగిన మాటా నిజమే. కానీ ఉత్తరం నుంచి వచ్చిన దండును ఆపింది ముఖ్యంగా ఉక్రెయిన్ ఫిరంగిదళాలు, శిక్షణ పొందిన బ్రిగేడ్లు. నీళ్లు కూడా సాయం చేశాయి. దెమిదివ్ ఊరి దగ్గర ఇర్పిన్ నది మీది ఆనకట్టను సైన్యం తెంచడంతో పొలాలు, ఇళ్లు మునిగి దారి మూసుకుపోయింది. ఆ ఊరి జనం తమ పెరళ్లు నీట మునగడాన్ని భరించారు. వాళ్లు ఒక్క గుండు కూడా పేల్చలేదు. రాజధాని నిలవడంలో వాళ్ల వంతు చిన్నది కాదు.

పంచిన ఆయుధాలకు ఒక చట్టం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ ప్రతిఘటన చట్టం ప్రాదేశిక రక్షణ దళాలను సైన్యంలో భాగం చేసింది. యుద్ధం మొదలయ్యాక మార్చిలో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం పౌరులకు ఇచ్చిన ఆయుధాలు యుద్ధ పరిస్థితి ముగియగానే తిరిగి అప్పగించాలి. అంటే ‘ఇంటికో తుపాకి’ అని మనం అనుకున్నది నిజానికి రాజ్యం తన చేతిని పొడుగు చేసుకోవడమే. రాజ్యం లేని చోట, ఎవరి తుపాకి వారి ఇష్టం అయిన చోట, ఉక్రెయిన్‌లో జరిగింది జరగదు.

ఇక్కడే అంతర్జాతీయ చట్టం చెప్పే ఒక సంగతి తెలియాలి. శత్రువు ఊరి మీదికి వస్తున్నప్పుడు, సైన్యంగా ఏర్పడే వ్యవధి లేక, జనం తమంతట తాము ఆయుధాలు పడితే వారిని యోధులుగానే చూడాలని 1907 హేగ్ నిబంధనలు చెబుతాయి. 1949 జెనీవా ఒప్పందం కూడా పట్టుబడినవారికి యుద్ధఖైదీల హక్కులు ఇచ్చింది. కానీ అందుకు షరతులున్నాయి. ఆయుధం బాహాటంగా కనబడాలి, యుద్ధ నియమాలు పాటించాలి. పైగా ఈ రక్షణ ఊరు ఇంకా శత్రువు చేతికి చిక్కనప్పుడే. ఊరు ఆక్రమణలోకి పోయాక, పగలు రైతుగా, రాత్రి యోధుడుగా ఉండేవాడికి ఇది వర్తించదు. కాగితం మీది ఈ గీతను సైనికులు ఎంతవరకు గౌరవిస్తారన్నది వేరే ప్రశ్న. అయితే గీత చెరిగిపోయిన చోట ఏమవుతుందో మాత్రం మనకు తెలుసు. ప్రతి ఇల్లూ స్థావరంలా, ప్రతి మనిషీ శత్రువులా కనిపిస్తాడు.

కీవ్ పక్కనున్న బుచాలో రష్యా సైన్యం వెళ్లిపోయాక 400కు పైగా శవాలు దొరికాయని అక్కడి అధికారులు చెప్పారు. వారిలో అత్యధికులు పౌరులు. ఇళ్లు వదిలి వెళ్లలేని ముసలివాళ్లు, రొట్టె కోసం, నీళ్ల కోసం బయటికి వచ్చినవాళ్లు వారిలో ఉన్నారు. సైనికులు దారిలో మనుషులను ఆపి ఫోన్లు తెరిపించి చూశారు. ట్యాంకు ఫోటో కనబడితే చాలు, అది చావుకు కారణమైన సందర్భాలు ఉన్నాయి. ఈ నేరం పూర్తిగా చంపినవాళ్లదే. ఎదిరించినవాళ్ల మీదికి దాన్ని నెట్టడం అన్యాయం. మేము చెప్పేది ఇంతవరకే: సాయుధ ప్రతిఘటన ఖర్చును లెక్కవేసేటప్పుడు ఆయుధం పట్టినవాడి ప్రాణం ఒక్కటే లెక్కలోకి రాదు. 1942 జూన్‌లో చెక్ దేశంలోని లిడిసె గ్రామాన్ని నాజీలు నేలమట్టం చేశారు. మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు, ఆడవాళ్లను శిబిరాలకు పంపారు. నాజీ అధికారి హైడ్రిష్‌ను చంపినవాళ్లతో ఆ ఊరికి ఏ సంబంధమూ లేదు.

ఇంకో ప్రమాదం మనలాంటివాళ్లకు మరీ దగ్గరిది. ఊరివాళ్లు తుపాకులతో కూడళ్లలో నిలబడితే, వచ్చేపోయేవాళ్లలో ఎవరు మనవాళ్లు, ఎవరు కాదు అని తేల్చేది వాళ్లే. ఉక్రెయిన్‌లో ‘పల్యనిత్స్యా’ అనే మాట పలకమని అడిగేవారు. అది ఒక రకం రొట్టె పేరు. రష్యన్ నాలుకకు ఆ మాట సరిగా తిరగదు. బైబిలు చదివినవారికి న్యాయాధిపతుల గ్రంథంలో యొర్దాను రేవుల దగ్గర ‘షిబ్బోలెతు’ అనమని అడిగిన సంగతి వెంటనే గుర్తొస్తుంది. ఆ మాట పలకలేనివాళ్లకు అక్కడ ఏ గతి పట్టిందో కూడా తెలుసు. తరతరాలుగా కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో బతుకుతూ ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మనకు, యాసను బట్టి మనిషిని తూచడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. భయం నిండిన వీధిలో శిక్షణ లేని చేతికి తుపాకి ఇస్తే, అది మొదట తిరిగేది పరాయి సైన్యం వైపే అన్న నమ్మకం లేదు.

ఇప్పుడు ఖేర్సన్ దగ్గరికి మళ్లీ వద్దాం. అసలు పాఠం అక్కడ నగరం పడిపోయాకే మొదలైంది.

మార్చి 5 నుంచి జనం నగరం నడిబొడ్డున ఉన్న స్వేచ్ఛా కూడలికి రావడం మొదలుపెట్టారు. చేతుల్లో జెండాలే. సాయుధ శకటాల ముందు నిలబడి ఇంటికి పొండని అరిచారు. మార్చి 21న సైనికులు తుపాకులు పేల్చి, శబ్దపు గ్రెనేడ్లు విసిరి ఆ గుంపును చెదరగొట్టారు. తర్వాత మనుషులను ఇళ్ల నుంచి ఎత్తుకుపోవడం పెరిగింది. కూడలిలో నిలబడే వీలు లేనప్పుడు ప్రతిఘటన ఇళ్లలోకి, బడుల్లోకి, కార్యాలయాల్లోకి మారింది. ఎంతోమంది ఉపాధ్యాయులు రష్యా పాఠ్యప్రణాళికతో బడి నడపబోమన్నారు. రూబుళ్లు తెస్తే చాలా దుకాణాలు పాత డబ్బునే తీసుకున్నాయి. రాత్రిపూట స్తంభాలకు, గోడలకు పసుపు రిబ్బన్లు వెలిశాయి. కొందరు సైన్యం కదలికలను అవతలికి చేరవేశారు. ఆక్రమణదారులతో చేతులు కలిపిన అధికారుల మీద బాంబుదాడులూ జరిగాయి. చేతులు కలిపినవాళ్లూ లేకపోలేదు. సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో ఒక తంతు జరిపి, నెలాఖరున ఆ ప్రాంతాన్ని రష్యాలో కలిపేసుకున్నట్టు ప్రకటించారు. అయినా నగరం వాళ్లది కాలేదు.

2022 నవంబరు 11న ఉక్రెయిన్ సైనికులు ఖేర్సన్‌లో అడుగుపెట్టినప్పుడు జనం ఇళ్లలో దాచుకున్న జెండాలతో అదే కూడలికి పరుగెత్తుకొచ్చారు. నగరాన్ని విడిపించింది ఎవరు? సైన్యమే. అమెరికా ఇచ్చిన రాకెట్లతో ద్నీప్రో నది మీది ఆంటోనివ్‌స్కీ వంతెనను పదేపదే కొట్టి, రష్యా బలగాలకు తిండి, మందుగుండు అందకుండా చేసింది. కానీ ఆ ఎనిమిది నెలలూ నగరాన్ని ఉక్రెయిన్ నగరంగా నిలిపి ఉంచింది ఉపాధ్యాయులు, నర్సులు, దుకాణదారులు, వంటింట్లో జెండా దాచిన అవ్వలు. వాళ్లు లొంగి ఉంటే సైన్యం విడిపించడానికి నగరం ఉండేది, ఊరు ఉండేది కాదు. వాళ్లకు ఇది ఉచితంగా దొరకలేదు. మనుషులను బంధించి హింసించిన గదులు ఆ తర్వాత అనేకం బయటపడ్డాయి.

ఉత్తరాన స్లావుటిచ్ అనే పట్టణం ఉంది. చెర్నోబిల్ అణుకేంద్రం సిబ్బంది కోసం 1986 ప్రమాదం తర్వాత కట్టిన ఊరది. స్థానికులు కొందరు ఆయుధాలతో పొలిమేరల్లో కొన్నాళ్లు అడ్డుకున్నారు. వారిలో కొందరు చనిపోయారు. మార్చి 26న రష్యా దళం ఊళ్లోకి వచ్చి మేయరును పట్టుకుంది. వేలాది మంది పెద్ద జెండా పట్టుకుని చౌరస్తాకు వచ్చారు. సైనికులు గాల్లోకి కాల్చినా వాళ్లు కదల్లేదు. మేయరును వదిలారు. ఊళ్లో సైన్యం లేదని చూసుకుని దళం వెళ్లిపోయింది. అప్పటికే రష్యా ఉత్తరం నుంచి వెనక్కి తగ్గే ఆలోచనలో ఉన్న మాట మరవకూడదు. అయినా అదే ఊళ్లో తుపాకి చేయలేనిది జనం గుంపు చేయగలిగిందన్నది నిజం.

ఒకే దేశం రెండు దారులూ తొక్కి చూసిన సందర్భం లిథువేనియాది. 1944 నుంచి 1953 వరకు అక్కడి యువకులు అడవుల్లోకి వెళ్లి సోవియట్ పాలన మీద సాయుధ పోరు చేశారు. సుమారు 20 వేల మంది ప్రాణాలు ఇచ్చారు. వాళ్లకు అన్నం పెట్టాయన్న అనుమానంతో వేల కుటుంబాలను సైబీరియాకు తరలించారు. బయటి సాయం రాలేదు, ఉద్యమం అణగిపోయింది. 1991 జనవరి 13 రాత్రి రాజధాని విల్నియస్‌లో సోవియట్ ట్యాంకులు టీవీ టవరు మీదికి వచ్చినప్పుడు అడ్డుగా నిలిచినవాళ్ల చేతుల్లో ఏమీ లేదు. 14 మంది చనిపోయారు. పార్లమెంటు చుట్టూ వేలాది మంది తెల్లవార్లూ నిలబడ్డారు. లోపల కొద్దిమంది వేట తుపాకులతో ఉన్నా, ట్యాంకులను ఆపింది బయట నిలబడిన ఆ గుంపే. సెప్టెంబరులో మాస్కో ఆ దేశ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. 1950లో స్టాలిన్ ఉన్నాడు, 1991లో సామ్రాజ్యమే కూలుతోంది. ఆ తేడా పెద్దది. అయినా లిథువేనియా స్వయంగా నేర్చుకున్న పాఠం చూడండి. 2015లో ఆ దేశ రక్షణశాఖ ప్రజలకు ఇచ్చిన చేతిపుస్తకంలో ఆక్రమణ వస్తే ఎలా నడుచుకోవాలో, ఆయుధం లేకుండా ఎలా ఎదిరించాలో కూడా ఉంది. అదే సమయంలో సైన్యాన్నీ పెంచుకుంది. రెండింటినీ ఒకదానికొకటి విరుద్ధమని అనుకోలేదు.

దీనికి ఎదురుగా చాలామంది అఫ్గానిస్థాన్‌ను చూపిస్తారు. అక్కడ తుపాకి పట్టిన పల్లెలు ఒక మహాసైన్యాన్ని వెనక్కి పంపలేదా? పంపాయి. 1979 డిసెంబరులో వచ్చిన సోవియట్ సైన్యం సుమారు 15 వేల మందిని పోగొట్టుకుని 1989 ఫిబ్రవరి 15న వెళ్లిపోయింది. అయితే ఆ పల్లెల వెనక పాకిస్థాన్‌లో ఆశ్రయం ఉంది, అమెరికా, సౌదీ డబ్బు ఉంది, 1986 నుంచి హెలికాప్టర్లను కూల్చే క్షిపణులు ఉన్నాయి. చనిపోయిన అఫ్గాన్లు పది లక్షల దాకా ఉంటారని అంచనా. ఇల్లు వదిలినవాళ్లు 50 లక్షలకు పైనే. ఆక్రమణ పోయాక తుపాకులు ఇంటికి పోలేదు. 1992లో కాబూల్‌లో ప్రభుత్వం పడిపోగానే గెలిచిన ముఠాలు ఒకదాని మీద ఒకటి పడి, సోవియట్లు వదిలి వెళ్లిన నగరాన్ని తామే శిథిలం చేశాయి. ఆ అరాచకం మీదనే 1996లో తాలిబాన్ గద్దెనెక్కింది. పరాయివాడు ఓడాడు, నిజమే. ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ఆ దేశపు ఆడపిల్లలు ఈనాటికీ జవాబు వెతుక్కుంటున్నారు.

మా మాటకు మరో వైపు నుంచి కూడా అభ్యంతరం రావాలి, వస్తుంది. దేశాన్ని పాలించాలని కాక, జనాన్నే లేకుండా చేయాలని వచ్చినవాడి ముందు సహాయ నిరాకరణ ఏం చేస్తుంది? 1943లో వార్సా ఘెట్టోలోని యూదులు పిస్తోళ్లతో తిరగబడినప్పుడు గెలుస్తామని తిరగబడలేదు. ఎలా చావాలో తామే నిర్ణయించుకున్నారు. వాళ్లకు శాంతి పాఠం చెప్పే అర్హత భూమ్మీద ఎవరికీ లేదు. సహాయ నిరాకరణకు బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఆక్రమణదారుడికి మన శ్రమ, మన బడి, మన రైలు, మన సంతకం అవసరమవడం నుంచి. ఆ అవసరం లేనివాడి ముందు దానికి పదును తగ్గుతుంది. ఈ పరిమితిని ఒప్పుకోకుండా అహింసను బోధించడం నిజాయితీ కాదు.

అయితే చాలా ఆక్రమణల్లో ఆ అవసరం ఉంటుంది. 1942లో నార్వేలో నాజీల తొత్తు ప్రభుత్వం ఉపాధ్యాయులందరినీ తమ సంఘంలో చేరమంది. అత్యధికులు చేరబోమని సంతకం చేసి ఉత్తరాలు పంపారు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు, వందల మందిని ఆర్కిటిక్ తీరంలోని కిర్కెనెస్‌కు తీసుకెళ్లి కూలి పని చేయించారు. అదే ఏడు బిషప్పులు, ఈస్టర్ నాడు అత్యధిక పాస్టర్లు రాజ్యం ఇచ్చే పదవులను వదిలేశారు. సంఘాలను మాత్రం వదల్లేదు. చివరికి ప్రభుత్వం ఆ పథకాన్నే మానుకుంది. దాంతో జర్మన్ సైన్యం నార్వే నుంచి పోలేదు. అది పోయింది 1945లో యుద్ధం ఓడాకే. కానీ ఆ మధ్య కాలంలో పిల్లల పాఠం మాత్రం నాజీల చేతికి పోలేదు.

ఈ ప్రశ్న మన పెద్దల ముందుకు కూడా ఒకసారి వచ్చింది. 1942 మొదట్లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు రంగూన్ రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో కూలి చేసుకునే తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్లు వారిని కోరంగీలు అనేవారు. ఆ ఏడు సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారు. ఎక్కువమంది కొండలు, అడవులు దాటి నడిచారు. దారిలో ఆకలికి, జబ్బులకు పదుల వేల మంది రాలిపోయారు. ఆ నడకలోనూ తెల్లవాళ్లకు ఒక దారి, కూలీలకు ఒక దారి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తీరం వెంబడి ఊళ్లు ఖాళీ అయ్యాయి.

అప్పుడు ఏం చేయాలన్న దాని మీద పెద్దలు విడిపోయారు. బ్రిటిష్‌వారితో కలిసి ఆయుధాలతో రక్షించుకోవాలని రాజాజీ అన్నారు, కాంగ్రెస్‌కు దూరమయ్యారు. ఏప్రిల్ నెలాఖరున అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, శత్రువు వస్తే మోకరిల్లకుండా, ఆజ్ఞ పాటించకుండా, అహింసాయుతంగా సహాయం నిరాకరించాలని తీర్మానించింది. గాంధీ మీరాబెన్‌ను ఒడిశా తీరానికి పంపారు. ఆమె అక్కడి పరిస్థితి చూసి, శత్రువు దిగితే ఏం చేయాలో ప్రశ్నలు రాసి పంపింది. ఏ రూపంలోనూ సాయం చేయవద్దని, వారితో వ్యవహారంలో లాభం చూసుకోవద్దని, ఎదిరించే ధైర్యం లేనివాళ్లు ఊరు ఖాళీ చేయవచ్చు కాని లొంగిపోకూడదని మే 31న గాంధీ జవాబు రాశారు. జపాన్ సైన్యం ఆ తీరంలో దిగలేదు కనుక ఎవరి మాట నిలిచేదో పరీక్షకు రాలేదు. కానీ ఆ ప్రశ్నలు అడిగిన తీరు చూడండి. ఎన్ని తుపాకులున్నాయని ఎవరూ అడగలేదు. జనం నిలబడతారా అని అడిగారు.

మా దృష్టిలో అసలు ప్రశ్న అదే. జనం ఎప్పుడు నిలబడతారు? ఉక్రెయిన్‌లోనే జవాబు ఉంది. 2014లో క్రిమియాను రష్యా దాదాపు పోరు లేకుండా తీసుకుంది. అక్కడి సైనికులు, పోలీసులు, అధికారులు చాలామంది అటు మారిపోయారు. దానికి అనేక కారణాలున్నాయి. కానీ ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆ దేశం చేసిన పనుల్లో ఒకటి, ఊళ్లకు అధికారం, పన్నుల్లో పెద్ద వాటా ఇవ్వడం. రోడ్డు, బడి, ఆసుపత్రి తమ మాట ప్రకారం నడుస్తున్నట్టు జనం కళ్లారా చూశారు. 2022లో ఎంతోమంది మేయర్లు ఊళ్లు వదల్లేదు. మెలిటోపోల్ మేయరును ఎత్తుకుపోతే, ఆయనను వదలమని జనం వీధిలోకి వచ్చారు. తమది అనుకున్నదాన్నే మనుషులు కాపాడుకుంటారు.

ఆ కొలబద్దతో మన ఊళ్లను కొలిచి చూసుకోవాలి. ఊరి బావిలో చేద వేయనివ్వని వాడిని ఊరి కోసం ప్రాణం పెట్టమని ఏ ముఖంతో అడుగుతాం? పట్టా లేని గుడిసెలో ఉండేవాడికి, జీతం ఎగ్గొట్టిన పారిశుద్ధ్య కార్మికురాలికి, భాష వేరని పరాయిగా చూసే పొరుగువాడికి రక్షించుకోవడానికి ఈ దేశం ఏమిచ్చింది? దేశరక్షణ అంటే సరిహద్దు, సైన్యం మాత్రమే అనుకునేవాళ్లు ఈ ప్రశ్నను పక్కదారి అంటారు. ఖేర్సన్ చూశాక అది పక్కదారి అని మేము అనుకోలేం. ఎనిమిది నెలలు బెదిరింపును తట్టుకున్న ఆ నగరాన్ని నిలిపింది పొరుగువాడు తనను పట్టివ్వడన్న నమ్మకం. దాన్ని యుద్ధం వచ్చిన రోజున గోదాములోంచి తీసి పంచలేం.

సైన్యం అక్కర్లేదని మేము అనడం లేదు. ఖేర్సన్ కూడలిలో జెండా మళ్లీ ఎగిరింది సైన్యం రావడం వల్లనే. పౌరులు ఎదిరించకూడదనీ అనడం లేదు. ఎదిరించాలి. అయితే ఆయుధం పట్టేవాళ్లు చట్టం కింద, శిక్షణతో, ఒక ఆజ్ఞకు కట్టుబడి, పని అయ్యాక ఆయుధం దించే మాట ఇచ్చి పట్టాలి. మిగిలిన కోట్లాది మందికి తుపాకి కన్నా పదునైనవి వేరే ఉన్నాయి: తప్పుడు కాగితం మీద సంతకం పెట్టకపోవడం, పొరుగువాడిని పట్టివ్వకపోవడం, పిల్లలకు అబద్ధం నేర్పకపోవడం. ఇంటికో తుపాకి కావాలంటున్న మన కుర్రవాళ్లకు మేము చెప్పేది ఇదే. ఊళ్లో తలుపు తట్టగానే తీసే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఆ లెక్క పెరగడానికి ఈ రోజే పని మొదలుపెట్టవచ్చు.